తూటా ఎక్కని తుపాకీ, కరెంటు ఎక్కిన తీగ

పోయిన యాసంగిలో ఒక రాత్రి మానుకోట జిల్లా గూడూరు వైపు ఒక ఊళ్ళో మక్క చేను గట్టు మీద కూర్చున్నాం. చేను రైతు, ఆయన తమ్ముడు, సంఘం నుంచి నేను, తోడుగా వచ్చిన ఒక పిలగాడు, ఊళ్ళో అందరూ మిలిటరీ తాత అని పిలిచే పెద్దాయన. ఆ చుట్టుపక్కల లైసెన్సు రైఫిలు ఉన్నది తాత ఒక్కడికే. 315 బోరు, బోల్టు లాగి కాల్చేది. అడవి పందుల్ని కాల్చవచ్చునన్న అనుమతి కాగితం ఆయన చొక్కా జేబులో మడత పెట్టి ఉంది. ఆ కాగితం కోసం రైతు మూడు వారాలు తిరిగాడు. దాని గడువు పదిహేను రోజులు. అందులో ఆ రాత్రికి తొమ్మిది అయిపోయాయి.

పదకొండు దాటినాక మంద వచ్చింది. ముందు కర్రలు విరిగిన చప్పుడు, ఆ తర్వాత కంకులు నమిలే చప్పుడు. చీకట్లో నలుగురి మధ్య తుపాకీ నింపి పెట్టుకోవద్దన్నది తాత నియమం. అందుకని అప్పుడు లేచి నాలుగడుగులు పక్కకు జరిగి, బోల్టు వెనక్కి లాగి, తూటాలు ఎక్కించడం మొదలుపెట్టాడు. మొదటిది దిగింది. రెండోది దిగింది. మూడోది సగంలో ఆగింది. బొటనవేలితో నొక్కాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఉన్న రెండింటితోనే కాలుద్దామని బోల్టు ముందుకు తోస్తే అదీ పోలేదు. పై తూటా కింది తూటాను పట్టుకొని కూర్చుంది. ఇంకోసారి గట్టిగా తోసేసరికి ఇనుము చప్పుడైంది. మంద కదిలింది. వాగు వైపు దిగిపోయి, గంట తర్వాత చేనుకు అటు పక్క నుంచి మళ్ళీ వచ్చింది.

"ఎక్కుతలేదు బిడ్డా" అన్నాడు తాత. సైన్యంలో పని చేసి వచ్చిన మనిషి. ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో గొంతులో తెలిసింది.

తెల్లారి చూస్తే చేనులో ఒక మూల తొక్కి పరుపు చేసినట్టుంది. పంది తిన్నదానికన్నా విరిచిందే ఎక్కువ. రైతు ఏమీ అనలేదు. ఆయన తమ్ముడే అన్నాడు: "కాగితాలు, తుపాకులు ఇవన్నీ ఎందుకన్నా? తీగ పెట్టుకున్నోడే నయం."

ఈ వ్యాసం ఆ ఒక్క మాటకు జవాబు.

తాత ఇంటి అరుగు మీద ఆ పొద్దున తుపాకీ విప్పి చూశాం. మన రైతులకు మోటరు, స్టార్టరు, స్ప్రేయరు గురించి చెప్పనక్కర్లేదు. ఏ పని ముట్టయినా ఎందుకు మొరాయించిందో తెలిస్తే తప్ప మనకు నిద్ర పట్టదు. కాబట్టి దీని సంగతి కూడా చెబుతాను.

315 బోరు రైఫిలు బెంగాల్లోని ఇషాపూర్ కర్మాగారంలో చేస్తారు. సైన్యం, పోలీసులు వాడే తూటా మామూలు మనిషి చేతికి పోకూడదన్నది తెల్లవాళ్ళ కాలం నుంచి వస్తున్న పద్ధతి. అందుకే పోలీసుల భుజాల మీద ఏళ్ళ తరబడి చూసిన 303ను పౌరులకు ఇవ్వరు, అదే ఒరవడిలో చేసిన 315 ఇస్తారు. 303లో పది తూటాలు పడతాయి, దీన్లో ఐదు. రెంటి తూటాలకూ అడుగున మేకు తలలాగా బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. చిక్కంతా ఆ అంచుతోనే. నాలుగు మేకుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి చూడండి, తలలు ఒకదానికొకటి అడ్డం పడతాయి. పైన పెట్టే తూటా అంచు కింది తూటా అంచుకు ముందు వైపున కూర్చోవాలి. అట్లా కూర్చుంటే బోల్టు నెట్టగానే జారిపోతుంది. వెనక వైపు పడిందా, బోల్టు తోసినకొద్దీ పై అంచు కింది అంచును గుద్దుకుంటుంది, రెండూ కదలవు. దీనికి బలం పనికిరాదు. పై తూటా తీసి, వరస సరిచేసి, మళ్ళీ పెట్టడమే. పగటి పూట పదిసార్లు చేస్తే వేళ్ళకు అలవాటయ్యే పని. డెబ్బై దాటిన వేళ్ళతో, చీకట్లో, మంద ముందట నిలబడి చేస్తే తప్పుతుంది.

అది ఒక కారణం. అసలు కారణం మ్యాగజైన్ లోపల దొరికింది. స్ప్రింగు మీద ఎర్రటి తుప్పు. తూటాల్ని పైకి లేపే రేకు పక్క గోడకు పట్టుకుంటోంది. పాత నూనె తుమ్మ బంకలా గట్టిపడింది. ఎట్లా అయిందో తాత చెప్పాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పగించాలి. అసెంబ్లీ, పార్లమెంటు, పంచాయతీ, ఏదొచ్చినా అంతే. కిందటిసారి ఆ తుపాకీ నెలల తరబడి గది మూలన ఉండిపోయింది. అడిగితే రేపు మాపు అన్నారు. వచ్చేసరికి ఈ గతి. ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ నూనె చుక్క గుర్తు రాలేదు.

కిరోసిన్‌తో బంక కడిగి, ఎండలో ఆరబెట్టి, పొడి గుడ్డతో తుడిచి, పల్చగా నూనె పట్టించాక రేకు కదిలింది. నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి మళ్ళీ మొదటికొస్తుందని తాత దాదాపు అంతా తుడిచేశాడు. గొట్టం మట్టి గోడ వైపు పెట్టి, మందు లేని డమ్మీ తూటాలతో చూశాడు. నాలుగు ఎక్కాయి. ఐదోదానికి స్ప్రింగు మొరాయించింది. మ్యాగజైన్ పై పెదవి ఒక పక్క కాస్త వంగి ఉంది. పిలగాడు ఆకురాయి తెచ్చి రుద్దబోతే తాత చేయి పట్టుకొని ఆపాడు. ఆ పెదవి వెంట్రుకవాసి తేడా వచ్చినా తూటా సూటిగా గొట్టంలోకి పోదు, ఒకసారి అరగదీస్తే మళ్ళీ పెరగదు. మరి ఊళ్ళో కమ్మరి దగ్గరకు తీసుకుపోదామా అంటే, 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. నాగలి కర్రు సాగదీసే కమ్మరి ఈ స్ప్రింగు ముట్టుకుంటే కేసు. లైసెన్సు దుకాణం కోసం తాత హైదరాబాదు బస్సెక్కాలి. పోను రాను ఖర్చు, స్ప్రింగు ఖర్చు ఎవరిస్తారు? చేను ఆయనది కాదు కదా!

ఇప్పుడు చట్టం సంగతికి వద్దాం. దాని లోపలా ఇదే జబ్బు.

1959 చట్టం 13వ సెక్షన్లో రైతుకు ఒక హక్కు రాసి ఉందని మనలో చాలామందికి తెలియదు. నిజంగా పంట కాపలా కోసమైతే గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీకి, అంటే మనం భర్మార్ అనే దానికి, లైసెన్సు ఇవ్వాలని ఉంది. అది సరిపోదని అధికారికి నమ్మకం కుదిరితే వేరే నున్నటి గొట్టపు తుపాకీకి కూడా ఇవ్వవచ్చు. రైఫిలుకైతే తగిన కారణం చూపాలి. చదవడానికి బాగుంది. కానీ భర్మార్‌తో ఏం చేస్తాం? ఒక్క దెబ్బ. మళ్ళీ మందు పోసి, గుడ్డ కూరి, రవ్వలు దట్టించేలోపు మంద ఊరు దాటుతుంది. ఆ రవ్వలు పంది తోలులో దిగి గాయం చేస్తాయే గానీ పడగొట్టవు. గాయపడ్డ పంది మనిషి మీదికి వస్తే తొడ చీలుస్తుంది. భర్మార్ ఎంత నమ్మకస్తురాలో జనగామ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాడు జనం చేతుల్లో కర్రలు, వడిసెలలే. తర్వాత దొరికినవి భర్మార్లు. ఎదుటివాళ్ళ దగ్గర రైఫిళ్ళు. ఎవరు ఎంతసేపట్లో తుపాకీ నింపగలరన్నది ఎంత పెద్ద తేడానో ఆ తరం పెద్దలు కథలు కథలుగా చెప్పేవాళ్ళు.

ఇక భూపాలపల్లి వైపు మహాముత్తారం, పలిమెల, కాటారం పల్లెల్లో పంట కాపలాకు లైసెన్సు ఇవ్వమని దరఖాస్తు పెట్టి చూడండి. యాభై ఏళ్ళుగా అక్కడ తుపాకీ అన్న మాటకు అర్థమే వేరు. అడిగినవాడి మీద ముందు అనుమానం, తర్వాత విచారణ. అందుకే ఎవరూ అడగరు.

వన్యప్రాణి రక్షణ చట్టంలో రెండో దారి ఉంది. 1972 నాటి ఆ చట్టం 11వ సెక్షను ప్రకారం జంతువు మనిషి ప్రాణానికో ఆస్తికో ముప్పు అయితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కాల్చడానికి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆస్తి అంటే నిలబడి ఉన్న పంట కూడా అని చట్టంలోనే రాసి ఉంది. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. ఆ షెడ్యూలుకు ఈ సెక్షను వర్తిస్తుంది. అంటే కాల్చే దారి మూసి లేదు. తెరిచే ఉంది. కానీ దరఖాస్తు ఒకచోట, విచారణ ఇంకోచోట, సంతకం మరోచోట, కాల్చేవాణ్ణి వెతుక్కోవడం రైతు వంతు. ఒక్కో కాగితం అంచు ఇంకో కాగితం అంచుకు అడ్డం పడుతుంది. కంకి పాలు పోసుకున్నప్పుడు పెట్టిన దరఖాస్తుకు కోత అయినాక జవాబు వస్తుంది.

తీగకు ఏ సంతకమూ అక్కర్లేదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు. బావి కాడ స్టార్టరు డబ్బా. సన్నటి జీఐ తీగ, నాలుగు కర్రలు. మోకాలు కంటే తక్కువ ఎత్తులో చేను చుట్టూ తిప్పి ఒక కొస తగిలిస్తే కాపలా అయిపోయింది, ఇంటికి పోయి పడుకోవచ్చు. ఖర్చు తక్కువ, మంచె మీద చలిలో కూర్చునే బాధ లేదు. అందుకే పెడుతున్నారు. పెట్టినవాడు రాక్షసుడు కాదు. మూడు నెలలు నిద్ర లేని మనిషి.

కానీ ఆ తీగకు పంది ఎవరో మనిషి ఎవరో తెలియదు. తడి నేల మీద చెప్పుల్లేని కాలికి 230 వోల్టులు చాలు. చనిపోయేది ఎవరు? తెల్లారి స్విచ్ తీయడం మరిచి తన చేనులోకి తానే దిగిన రైతు. నీళ్ళు మళ్ళించడానికి పోయిన పక్క చేను రైతు. గొర్రె వెంట పరుగెత్తిన కాపరి. అప్పు తెచ్చి కొన్న ఎడ్లు. 2024 ఫిబ్రవరిలో కాటారం అడవుల్లో గాలింపుకు వెళ్ళిన గ్రేహౌండ్స్ జవాను ఒకరు జంతువుల కోసం పెట్టిన ఇట్లాంటి తీగ తగిలే చనిపోయాడు. జవాను కాబట్టి రాష్ట్రమంతా తెలిసింది. మామూలు రైతు చనిపోతే జిల్లా పేజీలో నాలుగు లైన్లు. తీగ పెట్టినవాడు జైలుకు, తగిలినవాడు కాటికి. రెండు ఇళ్ళూ రైతు ఇళ్ళే, చాలాసార్లు ఒకే కులం, ఒకే వాడ, కొన్నిసార్లు అన్నదమ్ములు. పట్టా ఉన్నవాడికి రైతు బీమా ఐదు లక్షలన్నా ఉంది. కౌలు రైతుకు అదీ లేదు.

ఇక్కడ మన సంఘం గురించి ఒక మాట చెప్పాలి. కొందరికి కోపం రావచ్చు. తీగల విషయంలో మనం ఏళ్ళుగా నోరు మెదపలేదు. పంట నష్టం మీద ధర్నాలు చేశాం, వినతిపత్రాలు ఇచ్చాం. తీగ తగిలి మనిషి పోయినప్పుడు మాత్రం ఇరు పక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడి సర్దాం. అది పెద్దమనిషి తరహా అనుకున్నాం. కేసు దాకా పోకుండా చేసి ఒక కుటుంబాన్ని కాపాడామనుకున్నాం. ఇంకో తీగకు ధైర్యం ఇచ్చామని అనుకోలేదు. అట్లాంటి ఒక పంచాయితీలో నేనూ కూర్చున్నాను. పోయిన మనిషి భార్య ఆ పూటంతా ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

తీగలన్నీ పంట కోసమే కావన్నది కూడా తెలిసిన విషయమే. పంట లేని చోట, అడవి అంచున, వాగు దారిలో తీగలెందుకు? మాంసం కోసం. కిలోల లెక్కన అమ్ముకునే వాళ్ళు రైతు పేరు అడ్డం పెట్టుకుంటారు. వాళ్ళను వెనకేసుకొచ్చే పని మన సంఘానికి లేదు.

పందిని హాని జంతువుగా ప్రకటించాలి, కనబడ్డచోట ఎవరైనా చంపే హక్కు ఉండాలి అన్న డిమాండు మన సభల్లో తరచూ వస్తోంది. ఆ ప్రకటన చేసే అధికారం 62వ సెక్షను కింద కేంద్రానిది. 2015, 16లలో బీహార్‌లో నీలుగాయికీ అడవి పందికీ, ఉత్తరాఖండ్‌లో అడవి పందికీ, హిమాచల్‌లో కోతికీ అట్లా ఏడాది చొప్పున గడువు పెట్టి ప్రకటించారు. మనకూ అడుగుదామంటారు. నేను ఒప్పుకోను. కమిటీలో ఎక్కువమంది నాతో ఏకీభవించరనీ తెలుసు. హద్దు లేకుండా తెరిస్తే ముందు దిగేది రైతు కాదు, మాంసం ముఠా. వాళ్ళ ఆయుధం తుపాకీ కాదు, తీగే, నాటు బాంబే. ఇప్పుడు దొంగచాటుగా ఉన్నది అప్పుడు బహిరంగమవుతుంది. పైగా మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి భూపాలపల్లి అడవుల్లోకి పులి వచ్చిపోతుంటుంది. పులి తిండి పంది. అడవిలో పంది లేకపోతే పులి మన దొడ్లోకి వస్తుంది. నాకు కావలసింది అడవిలో పంది చావడం కాదు, చేనులో పడ్డ పందికి చట్టం ఉన్నట్టు తెలియడం.

తుపాకీ లేకుండా అయ్యే పనులు ఉన్నాయి, లేవనను. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి దీని మీద పనిచేశారు. మక్క చుట్టూ నాలుగు వరసల ఆముదం, పల్లి చుట్టూ కుసుమ వేయమన్నారు. ఆముదం ఆకు వాసన పందికి సరిపడదు, కుసుమ ముల్లు మూతికి గుచ్చుకుంటుంది. పంది కంటితో కాదు, ముక్కుతో నడుస్తుంది, అందుకే వెంట్రుకలు చల్లినా కొన్నాళ్ళు రాదు. జనగామ జిల్లా నర్మెట, తరిగొప్పుల వైపు గుట్టల కింద పల్లి వేసేవాళ్ళలో కొందరు పాత చీరెలు కట్టి, మంగలి షాపు నుంచి వెంట్రుకలు బస్తాలకెత్తి తెచ్చి చల్లుతున్నారు. రెండు వానలు పడితే మళ్ళీ చల్లాలి. జనగామలో పెద్ద అడవి లేదు, అయినా పంది ఉంది. గుట్టల్లో, చెరువు శిఖంలో పెరిగిన సర్కారు తుమ్మల్లో కాపురం పెట్టింది. ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు. ఆ తుమ్మలు కొట్టిస్తే సగం తిప్పలు తప్పుతాయని పశువుల కాపరులు అంటారు. వాళ్ళ మాట నాకు నిజమనిపిస్తుంది. సోలార్ కంచె ఇంకా మేలు. అది క్షణానికోసారి చిన్న దెబ్బ కొట్టి వదిలేస్తుంది, చంపదు. కానీ రెండెకరాల కౌలు రైతు సొంత డబ్బుతో సోలార్ కంచె పెట్టలేడు. ఏటా చేను మారేవాడికి కంచె ఎక్కడ పాతాలి?

బీమా మాట. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 వానాకాలం నుంచి ఫసల్ బీమాలో చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో తెలియజేయాలట. మన రాష్ట్రం 2020లో ఆ పథకం నుంచి బయటికొచ్చింది. మళ్ళీ చేరతామని 2024లో చెప్పారు. గట్టు మీదికి వచ్చిననాడు నమ్ముదాం.

కేరళలో చేసింది చూడదగ్గది. 2022లో అక్కడి ప్రభుత్వం పంటల మీద పడే పందిని కాల్చమని ఉత్తర్వు ఇచ్చే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించింది. లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ళ జాబితా పంచాయతీ దగ్గర ఉంటుంది. విషం, పేలుడు మందు, కరెంటు వాడకూడదని అదే ఉత్తర్వులో రాశారు. చచ్చిన పందిని పద్ధతి ప్రకారం పూడ్చాలి, మాంసం ఎవరూ తీసుకోకూడదు. అక్కడ అంతా సాఫీగా నడిచిందని కాదు. కాల్చేవాళ్ళు దొరక్క, ఖర్చు ఎవరిదో తేలక పంచాయతీలు తిప్పలు పడ్డాయి. కానీ సంతకం కోసం మూడు వారాలు తిరిగే పని పోయింది. మన దగ్గర కూడా ఆ అధికారం ఊరి దాకా నిజంగా దిగాలి, దరఖాస్తు పెట్టిన మర్నాటికి జవాబు రావాలి. గడువు పదిహేను రోజులు కాదు, పంట కాలమంతా ఉండాలి. విత్తనం మొలిచినప్పుడు ఒకసారి, కంకి పాలు పోసుకున్నప్పుడు ఒకసారి పంది వస్తుంది. గడువు ఆ రెండింటికీ సరిపోవాలి.

సంతకం ఒక్కటే చాలదని ఆ రాత్రి నాకు తెలిసొచ్చింది. కాగితం జేబులో ఉన్నా మూడో తూటా ఎక్కలేదు కదా! కాబట్టి అడగాల్సింది తుపాకీ దాకా అడగాలి. మండలానికి నలుగురైదుగురు, రిటైరైన సైనికులు, మాజీ పోలీసులు, ఎవరైనా సరే, పేరు నమోదు చేసుకొని, ఏడాదికోసారి ఫైరింగ్ రేంజిలో చేయి సరిచూసుకొని, పిలిస్తే వచ్చేవాళ్ళు ఉండాలి. (దళం అందామనుకున్నాను, మన జిల్లాల్లో ఆ మాట వాడలేం.) వాళ్ళ తుపాకీకి వానాకాలం ముందు ఒకసారి, యాసంగి ముందు ఒకసారి జిల్లా పోలీసు ఆయుధ విభాగంలోనే పరీక్ష చేసి ఇవ్వాలి. మ్యాగజైన్ విప్పి తుడవడం, స్ప్రింగు మార్చడం, తూటాలు పచ్చబడ్డాయేమో చూడడం అక్కడి ఆర్మరర్‌కు గంట పని. ఎన్నికలప్పుడు అప్పగించిన తుపాకీని నూనె పట్టించి, రసీదు రాసి, ఎన్నికలైన వారంలో తిరిగి ఇవ్వాలి. తూటా ఖర్చు, రాత్రి కూలి, గాయపడితే వైద్యం సర్కారే భరించాలి. ఇల్లిల్లూ తుపాకీ కావాలని మనం అడగడం లేదు. ఊళ్ళో పది తుపాకులు ఉంటే వాటిలో ఒకటి పంది మీదికి కాకుండా గట్టు తగాదాలో పాలివాడి మీదికి లేస్తుంది. ఉన్న నాలుగూ పనిచేసే స్థితిలో ఉండాలి, అంతే.

ఇవి అడగడానికి ముందు మన వైపు నుంచి చేయాల్సింది ఒకటి ఉంది. ఈ వానాకాలం మొదలయ్యేలోపు మూడు జిల్లాల్లోనూ గ్రామ కమిటీలు కూర్చొని తీగ వద్దని తీర్మానం చేయాలి. ఎవరి చేను చుట్టూ తీగ ఉందో ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనట్టు నటించడం ఆపాలి. ముందు మన సభ్యుల చేలల్లో తీయించాలి, ఆ తర్వాత పక్క చేను రైతుతో మాట్లాడాలి. ఒక రైతు తీసి పక్కవాడు తీయకపోతే పందులన్నీ తీసినవాడి మీద పడతాయన్న భయం ఉంది, అది నిజమైన భయం. అందుకని వాడంతా ఒకేసారి తీయాలి. తీసిన వాడలో రాత్రి కాపలా వంతుల వారీగా పెట్టుకోవాలి. టార్చి లైట్లు, డప్పు, నలుగురు మనుషులు. మన తాతలు మంచెల మీద కూర్చొని చేసింది అదే. అప్పుడు ఇంటికి ఆరుగురు ఉండేవాళ్ళు, ఇప్పుడు ముసలాళ్ళు ఇద్దరు మిగిలారు, పిల్లలు పట్నంలో ఉన్నారు. వంతులు ఎక్కువ రోజులు సాగవు. ఒక పంట కాలం సాగినా, తీగ తీసిన చేతులతో కలెక్టరేటు ముందు కూర్చోవచ్చు.

ఆ రైతు తమ్ముడు ఈ యాసంగికి తీగ కొని తెచ్చాడు. చుట్ట ఇంకా విప్పలేదు, కొట్టంలో వేలాడదీశాడు. "కమిటీ ఏమంటదో చూసి చెప్తా అన్నా" అన్నాడు.

మిలిటరీ తాత పోయిన వారం ఫోన్ చేశాడు. హైదరాబాదు పోయి స్ప్రింగు మార్పించుకొచ్చాడట, పెదవి కూడా సరిచేశారట. ఐదుకు ఐదూ ఎక్కుతున్నాయట, దారంలా జారుతున్నాయట. అనుమతి గడువు అయిపోయింది కాబట్టి మళ్ళీ దరఖాస్తు పెట్టాలి, ఫారం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.